మ్యూజియంలో ఇంటర్న్‌షిప్: ముందు రిజిస్టర్ అడుగు, తర్వాత ఊరికి వెళ్లు

ప్రశ్న: నేను గోదావరి ప్రాంతంలో బి.ఏ. హిస్టరీ రెండో సంవత్సరం పూర్తిచేశాను. రెండు నెలల ఇంటర్న్‌షిప్ కోసం మా పట్టణంలోని మ్యూజియంలో చేరి రెండు వారాలైంది. ఇన్‌చార్జి సార్ మంచివారే కానీ ఆయనకు ఇంకో రెండు చోట్ల డ్యూటీ. ఉన్నప్పుడు కూడా ‘కూర్చో అమ్మా, చూస్తూ ఉండు’ అంటారు. టికెట్ కౌంటర్ పక్కన కూర్చుని వచ్చినవాళ్ల లెక్క రాస్తున్నాను, అద్దాలు తుడుస్తున్నాను. నా ఫ్రెండ్స్ కొందరు డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ తెచ్చుకుని హాయిగా ఇంట్లో ఉన్నారు. ‘ఆ పాత రాళ్ల మధ్య కూర్చుంటే ఏమొస్తుంది’ అని నాన్న రోజూ అంటున్నారు. ప్రాజెక్టు రిపోర్టులో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మానేసి వేరేది చూసుకోవాలా, మీరే చెప్పండి. – ఒక విద్యార్థిని

సమాధానం: మానేయవద్దమ్మా. నీ చేతిలో ఇంకా నెలన్నర ఉంది. చిన్న మ్యూజియంలో అక్కరకొచ్చే పని ఒకటి మొదలుపెట్టి ముగించడానికి అది సరిపోతుంది.

ముందు నీ ఫ్రెండ్స్ సంగతి. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక, కాగితాలు అమ్మేవాళ్లు కూడా పుట్టుకొచ్చారు. ఆ కాగితంతో మార్కులు రావచ్చు. కానీ వైవాలో ‘అక్కడ నువ్వు స్వయంగా చేసిందేమిటి’ అని ఒక్క ప్రశ్న వేస్తే చెప్పడానికి ఏమీ ఉండదు. వాళ్లతో పోల్చుకుని బాధపడకు.

ఇక మీ ఇన్‌చార్జి సార్. ఆయన నీకు పని చెప్పకపోవడానికి కారణం నిర్లక్ష్యమే అయ్యుండాలని లేదు. మ్యూజియంలో ప్రతి వస్తువుకీ ఆయన సంతకం పూచీ. ఏది పగిలినా, ఏది కనపడకపోయినా ఆయనే జవాబు చెప్పుకోవాలి. రెండు నెలలుండి వెళ్లిపోయే అమ్మాయి చేతికి ఏమివ్వాలో ఆయనకూ తోచదు. అందుకే ‘ఏదైనా పని ఇవ్వండి సార్’ అని అడిగితే ‘చూద్దాంలే’ అంటారు. పని పేరు చెప్పి అడగాలి. ఇలా అడిగి చూడు: “సార్, గ్యాలరీలో ఆ ఒక్క అద్దాల బీరువాలో ఉన్న వస్తువులను రిజిస్టర్‌తో సరిచూసి, ఒక్కోదానికి ఒక్కో షీట్ రాసి ఇస్తాను. మీరో, అటెండర్ గారో ఉన్నప్పుడే చూస్తాను. బీరువా తాళం తీయక్కర్లేదు, అద్దంలోంచే రాసుకుంటాను.” అడిగింది చిన్నదిగా ఉండి, ఆయనకు రిస్కు లేకపోతే ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ. స్టోర్ రూమ్ జోలికి మాత్రం మొదటే వెళ్లకు.

నేను రిజిస్టర్ దగ్గర ఎందుకు మొదలుపెట్టమంటున్నానో వివరంగా చెప్పాలి. మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇచ్చి పెద్ద రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. దాన్ని యాక్సెషన్ రిజిస్టర్ అంటారు. వస్తువు పేరు, దేనితో చేసింది, కొలతలు, ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది (ఎవరైనా ఇచ్చారా, కొన్నారా, భూమిలో దొరికి కలెక్టర్ ద్వారా వచ్చిందా), అన్నిటికంటే ముఖ్యంగా ఏ ఊళ్లో దొరికింది అన్నవి అందులో ఉంటాయి. గ్యాలరీలో కనిపించే ‘విష్ణువు, 12వ శతాబ్ది’ అనే లేబుల్ ఆ లైనుకు పొట్టి రూపం. చాలా లేబుళ్లలో ఊరి పేరే ఉండదు.

స్థానిక మ్యూజియానికి ప్రాణం ఆ ఊరి పేరులోనే ఉంది. అందమైన విష్ణు విగ్రహాలు పెద్ద మ్యూజియంలలో ఎన్నో ఉంటాయి. మీ మ్యూజియంలో ఉన్న విగ్రహం ఫలానా ఊరి చెరువు పూడిక తీస్తుంటే బయటపడిందని తెలిస్తే, ఆ చెరువు పక్కన ఒకప్పుడు గుడి ఉండేదేమో అన్న ప్రశ్న వస్తుంది. ఊరి పేరు పోతే ఆ ప్రశ్న కూడా పోతుంది, రాయి ఒక్కటే మిగులుతుంది. ఈ తెగిపోయిన సంబంధాన్ని తిరిగి కలపగలిగేది ఎవరు? హైదరాబాద్ నుంచో ఢిల్లీ నుంచో వచ్చిన నిపుణులకు ఆ ఊళ్లు తెలియవు. నీకు తెలుసు. అక్కడ నీకు మేనత్తో, క్లాస్‌మేటో ఉంటారు. అందుకే ఈ పని నీలాంటి వాళ్లే చేయాలని గట్టిగా నమ్ముతాను.

నేను పనిచేసిన ఒకచోట రిజిస్టర్‌లో ‘చిల్లులున్న చెక్క గిన్నె, ఉపయోగం తెలియదు’ అని రాసి ఉండేది. ఏళ్ల తరబడి అలాగే ఉంది. ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒక రైతు కుటుంబం కుర్రాడు దాని ఫొటో తీసి వాళ్ల తాతకు పంపాడు. ఆయన వెంటనే ఫోన్ చేశాడు: “అది గొర్రుకు బిగించే జడ్డిగం రా. అందులో గింజలు పోస్తూ నడుస్తుంటే, కింద చిల్లులకు తగిలించిన వెదురు గొట్టాల్లోంచి సాళ్లలో పడతాయి.” కుర్రాడు అంతటితో ఆగలేదు. ఏ కర్రతో చేస్తారు, ఎవరు చేసేవారు, పిడికిలితో గింజలు ఎంత చొప్పున వదలాలి, ఆ పని ఇంట్లో ఎక్కువగా ఎవరు చేసేవారు అని తాతను వరసగా అడిగి రాసుకున్నాడు. రిజిస్టర్‌లో ఆ ఒక్క లైను పక్కన పెట్టడానికి రెండు పేజీల వివరం వచ్చింది. అది ఏ పుస్తకంలోంచీ తెచ్చింది కాదు.

కాబట్టి పది పదిహేను వస్తువులు చాలు. ఎక్కువ పెట్టుకోకు. ఒక్కో షీట్‌లో మొదట వస్తువు మీద రాసి ఉన్న నంబరు చూడు. సాధారణంగా అడుగునో, వెనక వైపో, చూపు పడని చోట చిన్న అంకెల్లో ఉంటుంది. అద్దంలోంచి కనపడకపోతే సార్‌నే తీసి చూపించమని అడుగు. పాత మ్యూజియంలలో ఒకే వస్తువుకు రెండు మూడు నంబర్లు ఉంటాయి. మొదట సేకరించిన సంస్థ ఇచ్చినది ఒకటి, ప్రభుత్వ శాఖ ఇచ్చినది ఇంకొకటి, తర్వాత తనిఖీలో వేసినది మరొకటి. కనపడినవన్నీ రాసుకో, ఏదీ వదలకు. రిజిస్టర్‌తో నంబరు కలవకపోతే కంగారుపడి ఎవరితోనో చెప్పకు. ముందు ఇన్‌చార్జి గారికే చూపించు. చాలాసార్లు అది పాత నంబరు, కొత్త నంబరు తికమకే అయి ఉంటుంది.

తర్వాత కంటికి కనిపించేది కనిపించినట్టు రాయి. ‘అందమైన విగ్రహం’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘నల్లరాయి. నిలబడిన భంగిమ. నాలుగు చేతులు, వెనక కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. ముక్కు అరిగింది. పీఠం ఎడమ మూల పెచ్చు లేచింది, విరుపు తెల్లగా ఉంది’ అని రాయి. విరుపు తెల్లగా ఉందంటే ఆ దెబ్బ ఈ మధ్య తగిలిందేమో అని అనుమానించాలి. పాత విరుపు సాధారణంగా మిగతా రాయి రంగులోకి తిరుగుతుంది. ఇలాంటివి పట్టుకోవడం రెండు మూడు షీట్లు రాసేసరికి నీకే అలవాటవుతుంది. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టు.

ఇప్పుడు ఊరి పేరు. ఇక్కడ నువ్వు బాగా తికమకపడతావు, ముందే చెప్తున్నాను. రిజిస్టర్ పాతదైతే ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఉంటుంది, పక్కన తాలూకా పేరు ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలే విడిపోయాయి. ‘రాజోలు తాలూకా, తూర్పు గోదావరి’ అని ఉన్న ఊరు ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంటుంది. భద్రాచలం వైపు ఊళ్లు ఇంకా చిక్కు. ఆ ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలోకి వెళ్లింది, అందులో కొన్ని మండలాలు 2014లో మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. కాబట్టి ప్రతి వస్తువుకూ పాత చిరునామా, ఇప్పటి మండలం, జిల్లా రెండూ ఉన్న ఒక పట్టిక చెయ్యి. ఇది చేసి ఇచ్చావంటే మీ సార్ నిన్ను వదలరు. ఆఫీసులో రోజూ అక్కరకొచ్చే పని అది.

ఆ ఊళ్లలో దగ్గరగా ఉన్న ఒకటి రెండింటికి వెళ్లు. ఒంటరిగా వద్దు, ఇంట్లో చెప్పి, తోడుగా ఎవరినైనా తీసుకుని వెళ్లు. కాలేజీ లెటర్ దగ్గర పెట్టుకో. ముందు సర్పంచ్ గారినో, స్కూల్ హెడ్‌మాస్టర్ గారినో కలిసి వచ్చిన పని చెప్పు. ఫొటో చూపించి ‘ఇది మీ ఊరిదట, ఎక్కడ దొరికిందో ఎవరికైనా గుర్తుందా?’ అని అడుగు. పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకో. ఎవరు చెప్పారు, వయసు ఎంత, ఏ రోజు అన్నవీ రాయి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచు, నువ్వు తీర్పు చెప్పేయకు.

ఒక జాగ్రత్త. ఊళ్లో ఎవరైనా ‘మా పొలంలో కూడా నాణేలు దొరికాయి’ అని చూపిస్తే ముట్టుకోకు, తీసుకోకు, నీ బ్యాగులో వేసుకుని మ్యూజియంకి తెచ్చే ప్రయత్నం అసలు చేయకు. భూమిలో దొరికిన నిధుల గురించి 1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయల విలువ దాటినవి దొరికితే కలెక్టర్‌కు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాలు, శిల్పాలు, నాణేలు వంటివి పురావస్తువులే. రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. విషయం మీ ఇన్‌చార్జి గారికి చెప్పు, మిగతాది శాఖ చూసుకుంటుంది. అలాగే ఊరి బయట కాపలా లేని విగ్రహాల ఫొటోలు, అవి ఉన్న చోటు సోషల్ మీడియాలో పెట్టకు. విగ్రహాల దొంగలు కూడా ఫోన్లు చూస్తారు.

చదవడానికి ఏముందంటావేమో. మీ ప్రాంతానికైతే 1907లో బ్రిటిష్ అధికారి హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలన్నీ చెప్పే ప్రభుత్వ గ్రంథం) ఉంది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తెల్లదొర చూపుతో రాసింది, దాన్ని దృష్టిలో పెట్టుకునే చదువు. ఊళ్ల వివరాలు మాత్రం బోలెడు. తర్వాత మెకంజీ కైఫియత్తులు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల తోటివాళ్లు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి సేకరించిన స్థానిక చరిత్రలు అవి. నీ వస్తువు ఊరికి కైఫియత్తు ఉందేమో తప్పకుండా వెతుకు. శాసనం ఉన్న రాయి అయితే, కేంద్ర పురావస్తు శాఖ అచ్చువేసిన దక్షిణ భారత శాసనాల సంపుటాలు చూడు. ద్రాక్షారామ శాసనాలు నాలుగో సంపుటంలో ఉన్నాయి. 1948లో వచ్చిన పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే. పాత లిపి చదవలేకపోయినా ఫరవాలేదు. ఇంగ్లీషులో పరిచయ వాక్యాలు ఇచ్చినచోట ఊరు, రాజు, సంవత్సరం దొరుకుతాయి. రాతి మీద అక్షరాలు కనపడకపోతే నీళ్లు, సుద్ద, పౌడర్ ఏమీ పూయకు. గది చీకటి చేసి, టార్చి లైటు రాయి పక్క నుంచి, దాదాపు రాతికి ఆనించినట్టు పట్టి చూడు. చెక్కిన గాట్లలో నీడ పడి, అరిగిపోయిందనుకున్న అక్షరం పైకి తేలుతుంది. మొదటిసారి ‘శ్రీ’ కనపడినప్పుడు కలిగే ఆనందం చెబితే తెలిసేది కాదు.

వస్తువులు ముట్టుకునే అవకాశం ఇస్తే కొన్ని పద్ధతులు పాటించాలి. ఉంగరాలు, గాజులు తీసెయ్యి. మెడలో వేలాడే కాలేజీ ఐడీ కార్డు కూడా తీసెయ్యి. వంగినప్పుడు ముందు వస్తువుకు తగిలేది అదే. చున్నీ వెనక్కి ముడి వేసుకో. బల్ల మీద మెత్తని గుడ్డ పరిచాకే వస్తువు తియ్యి. కుండను అంచు పట్టుకుని, విగ్రహాన్ని చెయ్యో మెడో పట్టుకుని ఎత్తకూడదు. ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన. ఆ బల్ల దగ్గర పెన్ను వద్దు, పెన్సిలే. తాటాకు గ్రంథం అయితే ఆకును వంచి చూడకు, విరుగుతుంది. తడిగుడ్డతో ఏదీ తుడవకు. నువ్వు ఇప్పుడు తుడుస్తున్న అద్దాలు వేరు, వస్తువులు వేరు.

నాణేల దగ్గర ఇంకా జాగ్రత్త. చింతపండుతో తోమితే తళతళలాడతాయని ఎవరైనా సలహా ఇస్తే వినకు. రాగి నాణెం మీద ఉన్న ఆకుపచ్చ పొరతో పాటు అక్షరాలూ పోతాయి. శాతవాహనుల సీసపు నాణేలు మీ దగ్గర ఉంటే, అవి చెక్క సొరుగులో ఉన్నాయేమో గమనించు. చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం నెమ్మదిగా తెల్లటి పొడిగా రాలిపోతుంది. అలాంటి పొడి కనపడితే తేదీ వేసి షీట్‌లో రాసి, సార్‌కు వెంటనే చూపించు. ఆ ఒక్క పరిశీలనతో కొన్ని నాణేలు బతుకుతాయి.

టికెట్ కౌంటర్ దగ్గర కూర్చోవడాన్ని కూడా వృథా అనుకోకు. వచ్చినవాళ్లు ఏ వస్తువు దగ్గర ఆగుతున్నారు, ఏ లేబుల్ చదవకుండా వెళ్లిపోతున్నారు, పిల్లలు ఏం అడుగుతున్నారు అన్నవి రాసుకో. వీరగల్లు ముందు నుంచి అందరూ దాటిపోతుంటే, తప్పు జనానిది కాదు, లేబుల్‌ది. ‘వీరగల్లు, 13వ శ.’ అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? నువ్వు నాలుగు వాక్యాలు రాసి చూడు: ‘పోరులో చనిపోయిన వీరుడి జ్ఞాపకంగా ఊరివాళ్లు నిలబెట్టిన రాయి ఇది. కింద అతను కత్తి పట్టి పోరాడుతున్నాడు. మధ్యలో అప్సరసలు అతన్ని స్వర్గానికి తీసుకెళ్తున్నారు. పైన సూర్యచంద్రులు: వాళ్లున్నంత కాలం అతని పేరు నిలవాలని.’ రాతి మీద నిజంగా ఏ బొమ్మలున్నాయో చూసి అవే రాయి. దాన్ని ఆరో తరగతి పిల్లలకు చదివి వినిపించి, వాళ్లకు అర్థం కాని మాట మార్చు. తెలుగులో మంచి లేబుళ్లు మన మ్యూజియంలకు చాలా అవసరం. నీ ఇంగ్లీషు గురించి దిగులు ఉంటే పక్కన పెట్టు. ఈ పనికి కావలసింది తేలికైన, తప్పులేని తెలుగు.

ఇంకో మాట, అటెండర్ గారి గురించి. ఇన్‌చార్జిలు బదిలీ అవుతుంటారు, ఆయన మాత్రం ఎక్కువ కాలం అక్కడే ఉండి ఉంటారు. ఏ రాయి ఎప్పుడు వచ్చింది, ఏ గదిలోంచి ఏ గదికి మారింది ఆయనకు తెలుసు. ‘బాబాయ్ గారూ’ అని పిలిచి, టీ తాగుతూ నెమ్మదిగా అడుగు. ఆయన చెప్పినదీ పేరుతో, ఆయన అనుమతితో, నీ రిపోర్టులో చేరాలి.

రిపోర్టు మొదట్లో మీ మ్యూజియం ఎలా పుట్టిందో రెండు మూడు పేజీలు రాయి. రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టుకున్న వాళ్ల సేకరణల నుంచే అక్కడి మ్యూజియం వచ్చింది. 1967లో ప్రభుత్వ శాఖ చేతికి వెళ్లింది. మండలి కోసం పాటుపడిన రాళ్లబండి సుబ్బారావు గారి పేరు దానికి ఉంది. విజయవాడలో 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి కట్టిన భవనమే తర్వాత మ్యూజియం అయింది. 1921 కాంగ్రెస్ సమావేశాల సమయంలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది అక్కడే అని చెబుతారు. ఇప్పుడది బాపు మ్యూజియం. మీ మ్యూజియానికీ ఇలాంటి కథ ఏదో ఉంటుంది, దాన్ని తవ్వి తియ్యి. ఆ తర్వాత నీ షీట్లు, ఊళ్ల పట్టిక, పెద్దవాళ్ల మాటలు, కొత్త లేబుళ్లు వరసగా పెట్టు. రోజూ లాగ్‌బుక్ అదే రోజు రాసెయ్యి, చివర్లో కూర్చుని ఒకేసారి నింపకు. ఇక రిపోర్టు నిండదన్న భయం ఉండదు, ఏది తీసేయాలా అన్నదే నీ ఇబ్బంది అవుతుంది.

నాన్నగారి మాటకు వస్తే, ఆయన భయం న్యాయమైనదే, తీసిపారేయకు. మ్యూజియం ఉద్యోగాలు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు. ఇష్టం పెరిగితే పైచదువు దారి ఉంది: బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో 1952 నుంచి మ్యూజియాలజీ (మ్యూజియం నిర్వహణ చదువు) పీజీ ఉంది, ఢిల్లీ దగ్గర నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది. శాసనాల మీద మనసు పోతే మైసూరులో కేంద్ర పురావస్తు శాఖ వారి శాసన విభాగం ఉంది. అటు వెళ్లకపోయినా, చూసింది స్పష్టంగా రాయడం, రికార్డు సరిచూడటం, ఊళ్లోకి వెళ్లి కొత్తవాళ్లతో మాట్లాడి విషయం రాబట్టడం గ్రూప్స్‌కీ, జర్నలిజానికీ, టీచర్ ఉద్యోగానికీ పనికొస్తాయి. ఒకరోజు నాన్నగారిని మ్యూజియంకి తీసుకెళ్లు. వాదించొద్దు. నువ్వు షీట్ రాసిన వస్తువు ముందు నిలబెట్టి దాని సంగతి చెప్పు. పనిముట్టు ఏదైనా ఉంటే నీకు తెలియనిది ఆయనే చెప్పొచ్చు, అదీ రాసుకో.

చివరి వారం దాకా ఆగకుండా, ఇంకో పది రోజులు ఉండగానే షీట్లన్నీ ఫెయిర్ చేసి ఒక సెట్ మ్యూజియంకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. సర్టిఫికెట్‌లో ‘ఇంటర్న్‌షిప్ పూర్తిచేసింది’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, ఎన్ని వస్తువులకు షీట్లు రాశావు, ఏ ఊళ్లు తిరిగావు, ఎన్ని లేబుళ్లు రాశావు అన్నది చేర్చమని అడుగు. డ్రాఫ్ట్ నువ్వే టైప్ చేసి తీసుకెళ్తే సార్‌కు తేలిక. సంతకంతో పాటు ఆఫీసు సీలు వేయించుకోవడం మర్చిపోకు.